కండల కథకీ కంటిన్యుటీ కావాలి!

హీరో చొక్కా విప్పాడు. హాలు దద్దరిల్లిపోయింది! ఈలలు, కేకలు, గాల్లోకి ఎగిరే కాగితం ముక్కలు... ముందు వరసనించి వెనక వరసదాకా ఒకటే గోల.

ఆ సినిమా రిలీజయిన మర్నాటి సోమవారం మీ వూళ్ళో ఏ జిమ్ముకైనా వెళ్ళి చూడండి. కొత్త ముఖాలు కనిపిస్తాయి. కొత్త బూట్లు, కొత్త బనీన్లు, చేతిలో కొత్త నీళ్ళ సీసా. అందరి నోటా ఒకటే ప్రశ్న: "అన్నా, అలాంటి బాడీకి ఎన్నాళ్ళు పడుతుంది?"

మొదటి నెలంతా హుషారే. రెండో నెల్లో రోజు తప్పించి రోజు. మూడో నెల్లో అద్దంముందు నిలబడి "ఏమీ రాలేదేంట్రా!" అనే నిట్టూర్పు. ఆ తర్వాత కుర్రాడు జిమ్ముకే కనబడడు. లేదా... అంతకంటే ప్రమాదమైన దారి పడతాడు. ఆ దారి సంగతి కాసేపట్లో చెప్పుకుందాం.

ఇంతకీ ఆ కుర్రాడికి నిజంగానే ఏమీ రాలేదా? వచ్చిందో లేదో అతనికి తెలీదు! ఎందుకంటే మొదటిరోజు ఎంత బరువెత్తాడో, ఎన్నిసార్లు ఎత్తాడో ఎక్కడా రాసుకోలేదు. ఈ వ్యాసం చెప్పదల్చుకున్నది ఆ రాసుకోవడం గురించే. జిమ్ముకి వెళ్ళేవాళ్ళందరి దగ్గరా వుండాల్సింది, చాలామంది దగ్గర లేనిది, ఒక మామూలు నోట్‌బుక్కు!

నర్తనశాలలో భీముడెవరు?

మన తెరమీద కండలంటే మొదటినించీ ఇంత మోజు వుందనుకోకండి. "మాయాబజార్" (1957)లో ఎస్.వి. రంగారావుగారి ఘటోత్కచుడికి సిక్స్‌ప్యాక్ వుందా? లేదు. అయినా ఆ నడకకీ, ఆ గొంతుకీ, ఆ గద తిప్పడానికీ జనం దాసోహమన్నారు. ఆయన బలం మీద ఎవరికీ అనుమానం రాలేదు.

కానీ నిజంగా బరువులెత్తే మనిషే భీముడి వేషం కట్టిన సినిమా ఒకటుంది. "నర్తనశాల" (1963) చూశారా? అందులో రంగారావుగారి కీచకుణ్ణి మట్టికరిపించే భీముడు దండమూడి రాజగోపాలరావు. కృష్ణాజిల్లా మనిషి. వెయిట్‌లిఫ్టింగులో దేశం మొత్తమ్మీద పేరు తెచ్చుకున్న వస్తాదు. విజయవాడ ఇండోర్ స్టేడియానికి పెట్టింది ఆయన పేరే. ఆ స్టేడియం ముందునించి రోజూ సిటీబస్సులో వెళ్ళేవాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో మరి!

కాలం మారింది. 2007లో "దేశముదురు"లో అల్లు అర్జున్ సిక్స్‌ప్యాక్ చూపించేసరికి కుర్రకారు వెర్రెత్తిపోయారు. 2012లో "పూలరంగడు" కోసం హాస్యనటుడు సునీల్ కూడా కడుపుని ఆరు పలకలు చేసుకొచ్చాడు. "బాహుబలి" (2015) కోసం ప్రభాస్, రానా పోటాపోటీగా శరీరాలు పెంచారు. 2018లో "అరవింద సమేత" మొదటి ఫైటులో జూనియర్ ఎన్టీఆర్ ఒళ్ళు చూసి అభిమానులు నోళ్ళు వెళ్ళబెట్టారు.

వీళ్ళందరూ కష్టపడ్డారు. అందులో సందేహం లేదు. అయితే అలాంటి హీరో వెనకాల ఒక కోచ్ వుంటాడు. ఏ రోజు ఏ కండకి ఎంత పని, గిన్నెలో ఎన్ని గ్రాముల అన్నం అన్నీ లెక్క చూసే మనుషులు వుంటారు. మీకూ నాకూ ఆ మనుషులు లేరు. ఆ పని మన నోట్‌బుక్కుకి అప్పజెప్పుకోవాలి. అంతే తేడా!

సీను, షాటు, టేకు!

ఎప్పుడైనా షూటింగు చూశారా? కెమెరా తిరగ్గానే ఒకతను పలక పట్టుకుని ముందుకొచ్చి "సీన్ నలభై రెండు, షాట్ మూడు, టేక్ అయిదు" అని చెప్పి టప్‌మని కొట్టి పక్కకి తప్పుకుంటాడు. పక్కనే ఓ అసిస్టెంట్ డైరెక్టరు పుస్తకంలో రాసుకుంటూ వుంటాడు. ఏ టేకు ఓకే, ఏది ఎన్.జి., హీరోయిన్ చేతికి గాజులెన్ని, హీరో చొక్కాకి ఎన్ని గుండీలు పెట్టుకున్నాడు... సమస్తం. దాన్నే కంటిన్యుటీ అంటారు.

అది లేకపోతే ఏమవుతుంది? ఇవాళ తీసిన షాటుకీ, నెల తర్వాత తీసిన షాటుకీ అతుకు కుదరదు. గుమ్మంలోకి అడుగుపెట్టేటప్పుడు వున్న వాచీ గదిలోకొచ్చేసరికి మాయమైపోతుంది. హాల్లో జనం నవ్వుతారు.

జిమ్ము సంగతీ అంతే. ఇవాళ్టి పని పోయిన వారం పనికి అతకాలి. వచ్చేవారం పని ఇవాళ్టిదానికి అతకాలి. నెలల తరబడి సాగే వ్యవహారం ఇది. "గుర్తుంటుందిలే" అనుకుంటే గుర్తుండదు. అయిదు వ్యాయామాలు, ఒక్కోదానికి మూడు సెట్లు, వారానికి మూడు రోజులు. అంటే వారానికి నలభై అయిదు సెట్ల లెక్క! సొంత ఫోన్ నంబరు తప్ప మరో నంబరు నోటికి రాని ఈ రోజుల్లో ఇన్ని అంకెలు ఎవరికి గుర్తుంటాయి చెప్పండి?

పుస్తకంలో ఏం రాయాలి?

కొత్తవాళ్ళ కోసం రెండు మాటలు. బరువు ఒకసారి ఎత్తి దింపితే ఒక రెప్పు. మధ్యలో ఆపకుండా చేసిన రెప్పులన్నీ కలిపితే ఒక సెట్టు. ఆ తర్వాత రెండు, మూడు నిమిషాల విశ్రాంతి. అదే మన ఇంటర్వెల్ అన్నమాట!

పుస్తకంలో ప్రతిరోజుకీ ఒక పేజీ. పైన తేదీ. కింద వ్యాయామం పేరు, బరువు, ఒక్కో సెట్టులో ఎన్ని రెప్పులు వచ్చాయో అంకెలు. చివర ఒక గీత గీసి దాని కింద మూడు సంగతులు: రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు, ఏమైనా నొప్పి వుందా, మనసెలా వుంది. అంతే. నిమిషం పని.

మచ్చుకి ఒక పేజీ చూడండి:

సోమవారం
స్క్వాట్: 40 కిలోలు — 10, 9, 8
బెంచ్ ప్రెస్: 30 కిలోలు — 10, 9, 8
రోయింగ్: 25 కిలోలు — 12, 11, 10
నిద్ర ఆరు గంటలు. ఎడమ భుజం కొంచెం పట్టేసింది. మిగతా అంతా ఓకే.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేసే సంగతి ఒకటుంది. రాడ్డు బరువు! ప్లేట్లు మాత్రం లెక్కేసి రాడ్డు వదిలేస్తారు. పోటీల్లో మగవాళ్ళు వాడే పొడుగు రాడ్డు 20 కిలోలు, ఆడవాళ్ళది 15 కిలోలు. చిన్న జిమ్ముల్లో రకరకాల రాడ్లుంటాయి. ఏ రాడ్డు ఎంతో ఒకసారి తూకం వేయించి పుస్తకం అట్టమీద రాసి పెట్టుకోండి. ఇంకో చిక్కు, కొన్ని ప్లేట్లమీద కిలోలు, కొన్నింటిమీద పౌన్లు వుంటాయి. ఒక కిలో అంటే సుమారు 2.2 పౌన్లు. 45 పౌన్ల ప్లేటు ఇరవై కిలోలు దాటుతుంది. తెలీక ఒకవైపు కిలోల ప్లేటు, ఒకవైపు పౌన్ల ప్లేటు ఎక్కించి, రాడ్డు పక్కకి ఒరిగితే "ఈ చెయ్యి వీకైపోయింది" అనుకునే మహానుభావులు కూడా వున్నారు!

మెషీన్లమీద చేసేవాళ్ళు సీటు ఏ చిల్లులో పెట్టారో కూడా రాయాలి. సీటు ఎత్తు మారితే వ్యాయామమే మారిపోతుంది. రెండు వారాల అంకెలకి పోలికే కుదరదు.

మరో ముఖ్యమైన నియమం. సగం కిందికి దింపి పైకి లేపినదాన్ని రెప్పుగా రాయకూడదు. పక్కవాడు వేలు వేసి లేపితే అదీ లెక్కలోకి రాదు. అవి ఎన్.జి. టేకులు! వాటిని ఓకే చేసుకుంటే ఎడిటింగ్ రూములో దొరికిపోతారు. ఇక్కడ ఎడిటరు మీ ఒళ్ళే. దానికి మొహమాటం లేదు.

దూడని మోసిన వస్తాదు, కాలు విరిగిన సైనికుడు

రాసుకోవడానికీ కండ పెరగడానికీ ఏమిటి సంబంధం అని మీరు అడగొచ్చు. దీనికో పాత కథ వుంది. క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దంలో, ఇప్పటి ఇటలీ దక్షిణాన వున్న క్రోటన్ అనే వూళ్ళో మైలో అనే వస్తాదు వుండేవాడు. ఒలింపిక్ కుస్తీల్లో మళ్ళీ మళ్ళీ గెలిచినవాడు. అతను రోజూ ఒక దూడని భుజాన వేసుకుని నడిచేవాడట. దూడ రోజూ కొంచెం కొంచెం పెరిగింది. దాంతోపాటు మైలో బలమూ పెరిగింది. చివరికి ఎద్దునే మోశాడని కథ. నిజమా కాదా అన్నది అలా వుంచండి. కిటుకు మాత్రం నిజం. ఒళ్ళు ఇవాళ మోసిన బరువుకి అలవాటు పడుతుంది. అలవాటైన బరువే రోజూ మోస్తే మరి పెరగడానికి దానికి పనేముంది? కొంచెం కొంచెంగా బరువు పెంచాలి. మైలోకి నోట్‌బుక్కు అక్కర్లేదు. దూడే అతని నోట్‌బుక్కు! మన డంబెల్ తనంతట తను పెరగదు కాబట్టే మనం రాసుకోవాల్సి వస్తోంది.

దీన్ని కథలోంచి ఆస్పత్రిలోకి తెచ్చినవాడు థామస్ డెలార్మ్ అనే అమెరికన్ డాక్టరు. రెండో ప్రపంచయుద్ధం చివరి రోజులు. మోకాళ్ళు దెబ్బతిన్న సైనికులు చికాగోలోని సైనిక ఆస్పత్రిలో నెలల తరబడి పడి వున్నారు. చిన్న చిన్న కదలికలే తప్ప బరువులు ముట్టుకోకూడదన్నది అప్పటి పద్ధతి. చిన్నప్పుడు జబ్బు పడి, బరువులెత్తి ఒళ్ళు బాగుచేసుకున్న డెలార్మ్‌కి అది నచ్చలేదు. కాలికి ఇనప బూటు కట్టి, దానికి బరువులు తగిలించి ఎత్తించాడు. రోగి పదిసార్లు మాత్రమే ఎత్తగలిగే బరువెంతో వారానికోసారి కొలిచాడు. ఆ అంకెనిబట్టి వచ్చేవారం బరువు నిర్ణయించాడు. సైనికులు తొందరగా కోలుకున్నారు. 1945లో ఆయన ఈ పద్ధతిని వైద్య పత్రికలో ప్రకటించాడు. 1948లో మరో డాక్టరుతో కలిసి దాన్నే మూడు సెట్లకి కుదించాడు. మొదటిది సగం బరువుతో, రెండోది ముప్పాతిక బరువుతో, మూడోది పూర్తి బరువుతో, ఒక్కోటి పదిసార్లు.

మీ జిమ్ములో కోచ్ "పది చొప్పున మూడు సెట్లు కొట్టు" అంటాడే! ఆ మాట వెనకాల ఈ ఆస్పత్రి కథ వుంది. కొలిచి రాసుకున్న అంకె లేకపోతే ఆ పద్ధతే లేదు.

సినిమావాళ్ళలో చెప్పాలంటే "టెర్మినేటర్" (1984) హీరో ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్‌నే తీసుకోండి. మిస్టర్ ఒలింపియా టైటిల్ ఏడుసార్లు గెలిచిన మనిషి. ఆస్ట్రియాలో కుర్రాడిగా వున్న రోజుల్లో జిమ్ము గోడమీద సుద్దముక్కతో చెయ్యాల్సిన సెట్లకి గీతలు గీసుకుని, ఒక్కో సెట్టు అవగానే ఒక్కో గీత కొట్టేసేవాణ్ణని ఆయనే తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. అంతటివాడికే గీతలు కావాల్సొస్తే మనమెంత?

ఎప్పుడు పెంచాలి? ఎంత పెంచాలి?

కొత్తవాళ్ళకి తేలికైన పద్ధతి ఒకటి చెప్తాను. ఎనిమిదికీ పన్నెండుకీ మధ్య రెప్పులు వచ్చే బరువు ఎంచుకోండి. మూడు సెట్లలోనూ పన్నెండు చొప్పున వచ్చేదాకా బరువు ముట్టుకోవద్దు. వచ్చాక 2.5 కిలోలు పెంచండి. రెప్పులు మళ్ళీ ఎనిమిది, తొమ్మిదికి పడిపోతాయి. మళ్ళీ పన్నెండుకి ఎక్కండి.

మన పేజీలో వున్న బెంచ్ ప్రెస్సునే ముందుకి నడిపిద్దాం:

మొదటి వారం: 30 కిలోలు — 10, 9, 8
రెండో వారం: 30 కిలోలు — 10, 10, 9
మూడో వారం: 30 కిలోలు — 11, 10, 10
నాలుగో వారం: 30 కిలోలు — 12, 11, 10
అయిదో వారం: 30 కిలోలు — 12, 12, 12
ఆరో వారం: 32.5 కిలోలు — 9, 9, 8

మొదటి నాలుగు వారాలూ రాడ్డుమీద బరువు మారనేలేదు. పుస్తకం లేనివాడు "నెలరోజులనించి అదే ముప్పై కిలోలు, ఏం లాభం!" అని నీరుగారిపోతాడు. పుస్తకం వున్నవాడు లెక్క చూస్తాడు. మొదటివారం మొత్తం 27 రెప్పులు, అంటే 810 కిలోలు ఎత్తాడు. అయిదోవారం 36 రెప్పులు, అంటే 1,080 కిలోలు! అద్దంలో ఏమీ కనబడని రోజుల్లోనే 270 కిలోలు ఎక్కువ పని జరిగింది.

అద్దంలో కనబడకపోవడానికి కారణం కూడా వుంది. మొదటి వారాల్లో పెరిగే బలం ఎక్కువగా నరాల చలవ. కండల్ని సరిగ్గా వాడుకోవడం వాటికి అప్పుడే అలవాటవుతుంది. కండ కంటికి కనిపించేలా పెరగడానికి నెలలు పడుతుంది. సరిగ్గా ఆ మధ్యకాలంలోనే కుర్రాళ్ళు మానేస్తుంటారు. సినిమా ఇంటర్వెల్‌దాకా చూసి, "కథేమీ లేదు" అని లేచి వచ్చేసినట్టుంటుంది!

ఇదే ధోరణిలో బరువు పెరుగుతూనే పోతుందా అంటే, పోదు. వారానికి 2.5 కిలోల చొప్పున ఏడాదికి 130 కిలోలు పెరగాలి. అలా అయితే మన వీధికో ప్రపంచ చాంపియన్ వుండేవాడు. కొన్ని నెలలయ్యాక వేగం తగ్గుతుంది. కొన్నిసార్లు అంకె కదలదు. అప్పుడు మొదలవుతుంది అసలు పరీక్ష.

"ఒక సైకిల్ కొట్టు తమ్ముడూ!"

మన కుర్రాడొకణ్ణి వూహించుకోండి. మూడు నెలలయింది. బెంచ్ ప్రెస్సులో 40 కిలోల దగ్గర ఆగిపోయాడు. పక్కన తొడలంత చేతులున్న ఓ అన్నగారు వచ్చి భుజంమీద చెయ్యేసి మెల్లిగా అంటాడు: "నీ బాడీ ఇంతే తమ్ముడూ, నాచురల్‌గా రాదు. ఒక సైకిల్ కొట్టు. ఎనిమిది వారాల్లో నువ్వే హీరో." అంటే ఇంజెక్షన్లన్నమాట!

ఆ క్షణంలో ఆ కుర్రాడి దగ్గర పుస్తకం వుందనుకోండి. తిరగేస్తే ఏం కనిపిస్తుంది? పన్నెండు వారాలకి, వారానికి మూడు చొప్పున, 36 రోజులు రావాలి. వచ్చింది 21 రోజులు. పదిహేను కాల్‌షీట్లు కేన్సిల్! నిద్ర గీత కింద చూస్తే చాలా రోజులు "అయిదు గంటలు". ఒకచోట "పరీక్షలు", ఒకచోట "అక్క పెళ్ళి", ఇంకోచోట "సెకండ్ షో" అని వుంది. ఎడమ భుజం నొప్పి నాలుగు వారాలనించి అలాగే వుంది, అయినా ఎత్తుతూనే వున్నాడు. ఇంక బరువెలా పెరుగుతుంది? తప్పు ఒంట్లో లేదు. రాకపోకల్లో, నిద్రలో, నొప్పిని లెక్కచెయ్యకపోవడంలో వుంది. వీటిలో దేనికీ సూది మందు కాదు.

పుస్తకం లేని కుర్రాడికి ఈ సంగతి తెలీదు. "నా ఒళ్ళే ఇంత" అన్న మాట నమ్మేస్తాడు. నమ్మినవాడికి అమ్మడం తేలిక!

ఆ ఇంజెక్షన్లలో వుండేవి స్టెరాయిడ్లు. మగ హార్మోనుకి నకళ్ళు. కొన్ని జబ్బులకి డాక్టర్లు కొలత ప్రకారం వాడతారు. కండల కోసం ఇష్టమొచ్చినంత పొడిపించుకుంటే మాత్రం ఏమవుతుందో వినండి. బయటినించి వస్తోంది కదా అని ఒళ్ళు తన హార్మోను తయారుచెయ్యడం తగ్గించేస్తుంది. వృషణాలు కుంచించుకుపోతాయి. వీర్యకణాలు తగ్గి పిల్లలు పుట్టడం కష్టమవుతుంది. మగవాడికి రొమ్ములు పెరగొచ్చు. ముఖం నిండా, వీపు నిండా మొటిమలు. లివర్‌కి దెబ్బ. మంచి కొలెస్ట్రాల్ పడిపోయి, గుండెకండ మందమెక్కి, చిన్నవయసులోనే గుండెజబ్బు రావచ్చు. ఒకే సూది నలుగురు వాడితే అంటురోగాలు అదనం. ఆడపిల్లలు వాడితే గొంతు బొంగురుపోయి, ముఖంమీద వెంట్రుకలు వస్తాయి. మానేసినా ఆ గొంతు మళ్ళీ మామూలు కాకపోవచ్చు. హీరో అవుదామని బయల్దేరి ఆస్పత్రి మంచంమీద తేలడానికా ఈ కష్టమంతా?

పౌడరు డబ్బాల సంగతి కూడా ఓ మాట. హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ వుంది కదా! ఆ సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూచనల్లో ఒళ్ళు పెంచడం కోసం ప్రొటీన్ సప్లిమెంట్లు వాడొద్దనే చెప్పింది. ఆరోగ్యంగా వున్న మనిషికి కిలో ఒంటిబరువుకి రోజుకి సుమారు 0.8 గ్రాముల ప్రొటీన్ కావాలి. అరవై కిలోల మనిషికి యాభై గ్రాములు. బరువులెత్తేవాళ్ళకి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. ఒక గుడ్డులో ఆరు గ్రాములుంటుంది. పప్పు, శనగలు, పెరుగు, చేప, కోడి... మన వంటింట్లో వున్నవే. ఏం తిన్నారో కూడా ఒక వారంపాటు రాసి చూడండి. పొద్దున్న నాలుగు ఇడ్లీలు, రాత్రి ఒక బిర్యానీ, మధ్యలో టీలు తప్ప ఏమీ లేదని మీకే తెలుస్తుంది!

తెరమీది ఒళ్ళు వేరు, పుస్తకంలో ఒళ్ళు వేరు

ఇంకో రహస్యం. హీరోగారి ఆ ఒళ్ళు ఏడాదంతా అలా వుండదు. ఆ సీను తీసే రెండు మూడు రోజులకి పదునెక్కిస్తారు. షాట్‌కి ముందు డంబెల్స్ ఎత్తి కండల్లోకి రక్తం పొంగేలా చేస్తారు. ఒంటికి నూనె రాస్తారు. పక్కనించి లైటు వేస్తారు. ప్రతి గాడీ నీడతో సహా కనిపిస్తుంది. కొందరు షూటింగుకి ముందు నీళ్ళూ ఉప్పూ కూడా తగ్గిస్తారు. అది ప్రమాదం, ఇంట్లో చెయ్యకండి. ఇంకా చాలకపోతే కంప్యూటర్ గ్రాఫిక్స్ వుండనే వున్నాయి.

అలాంటి షాటుతో మీ బాత్‌రూమ్ అద్దాన్ని పోలిస్తే మిగిలేది నిరాశే. పోల్చాల్సింది మీ పోయిన నెల పేజీతో. ఫోటో తీసుకోవాలని వుంటే నెలకొకటి చాలు. అదే గది, అదే లైటు, అదే టైము. నడుమూ, ఛాతీ, చెయ్యీ టేపుతో కొలిచి ఆ పేజీలోనే రాయండి. రోజూ తూకం మిషను ఎక్కి దిగితే నీళ్ళ బరువు తప్ప ఏమీ తెలీదు.

ఆ 2.5 కిలోలు!

చిన్న అంకెలంటే చులకన వున్నవాళ్ళకి ఒక సంఘటన గుర్తుచెయ్యాలి. 2000 సెప్టెంబర్ 19, సిడ్నీ ఒలింపిక్స్. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర వూసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో దిగింది. నేలమీంచి ఒక్క వూపున తలపైకి ఎత్తే స్నాచ్‌లో 110 కిలోలు. ముందు భుజాలదాకా, తర్వాత తలపైకి ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు. మొత్తం 240. కాంస్య పతకం! ఒలింపిక్ పతకం గెలిచిన మొట్టమొదటి భారతీయ మహిళ మన తెలుగమ్మాయి!

బంగారు, వెండి పతకాలు గెలిచిన చైనా, హంగరీ అమ్మాయిలిద్దరి మొత్తమూ 242.5 కిలోలు. తేడా ఎంత? రెండున్నర కిలోలు. రాడ్డుకి ఆ చివర కిలోంబావు ప్లేటు, ఈ చివర కిలోంబావు ప్లేటు. చివరి ప్రయత్నంలో మల్లీశ్వరి 137.5 కిలోలకి సిద్ధపడింది. ఆ లిఫ్టు రాలేదు. వచ్చివుంటే బంగారమే!

మీ జిమ్ములో ఒక మూల దుమ్ముకొట్టుకుని పడి వుండే ఆ చిన్న ప్లేట్లున్నాయే, "ఇవేం లెక్క" అని ఎవరూ ముట్టుకోరు. ఒలింపిక్ పతకం రంగు మార్చగలిగినవి అవే. చెల్లెళ్ళూ, "బరువులెత్తితే మగరాయుళ్ళలా అయిపోతాం" అని ఎవరైనా భయపెడితే మల్లీశ్వరి పేరు చెప్పండి. నోట్‌బుక్కు మీకూ అంతే అవసరం.

ఫోనా? పుస్తకమా?

"ఈ రోజుల్లో నోట్‌బుక్కేమిటండీ, ఫోన్లో బోలెడు యాప్‌లున్నాయి కదా!" అంటారు. నిజమే. ఫోన్లో రాసుకున్నా తప్పులేదు. కానీ జరిగేది ఏమిటి? సెట్టు అయిపోయింది, అంకె వెయ్యడానికి ఫోను తీశాడు. ఒక రీలు కనిపించింది. దాని కింద ఇంకోటి. అభిమాన హీరో కొత్త సినిమా టీజరు. రెండు నిమిషాల విశ్రాంతి పన్నెండు నిమిషాలయింది. ఒళ్ళు చల్లారిపోయింది. బెంచీ కోసం వెనకాల నిలబడ్డవాళ్ళు పళ్ళు నూరుతున్నారు! ఈ చపలత్వం మీకు లేకపోతే ఫోను వాడండి. వుంటే మాత్రం ఒక చిన్న పుస్తకం, దారంతో కట్టిన పెన్సిలు మేలు.

ఇక రెండు జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. పుస్తకంలో అంకె పెంచాలన్న పంతంతో నడుం వంచి, వీపు గుంజి ఎత్తకండి. నొప్పి గీత కింద ఒకే కీలు మూడుసార్లు కనబడితే బరువు దించి డాక్టరుకి చూపించండి. గుండెల్లో పట్టినట్టున్నా, కళ్ళు తిరిగినా అక్కడికక్కడే ఆపండి. ఇంట్లో గుండెజబ్బులున్నవాళ్ళు మొదలుపెట్టడానికి ముందే ఒకసారి పరీక్ష చేయించుకోండి.

రెండోది, తప్పిన రోజులు కూడా రాయండి. "రాలేదు, బద్ధకం" అని నిజమే రాయండి. ఆ పుస్తకం ఎవరికీ చూపించేది కాదు, సెన్సారుకి వెళ్ళేది అంతకన్నా కాదు. అందులో అబద్ధం రాస్తే మోసపోయేది రాసినవాడొక్కడే.

ఒక వంద పేజీల పుస్తకం, పెన్సిలు కలిపి ఒక సినిమా టిక్కెట్టు ఖరీదు కూడా కాదు. వారానికి మూడు పేజీల చొప్పున ఎనిమిది నెలలు వస్తుంది. అది నిండేసరికి మీరు హీరో అవుతారని నేను చెప్పను. అయితే మళ్ళీ ఎవరైనా అన్నగారు భుజంమీద చెయ్యేసి "నీ బాడీ ఇంతే తమ్ముడూ" అంటే, మొదటి పేజీ, చివరి పేజీ పక్కపక్కన పెట్టి చూపించండి. ఆయన సూది ఆయన జేబులోనే వుండిపోతుంది!